పద్ధతులన్నీ చదివాను, పిల్లలకు మాత్రం రావట్లేదు: కొత్త టీచర్‌కు ఒక పాత ఎస్‌జీటీ జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డీఎస్సీలో కొత్తగా ఎస్‌జీటీ (ప్రాథమిక బడిలో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్) ఉద్యోగం వచ్చింది. ఇద్దరు టీచర్ల బడి. 3, 4, 5 తరగతులు కలిపి 26 మందిని మీకు అప్పజెప్పారు. డీఈడీ టీచర్ శిక్షణలో ఉపన్యాస పద్ధతి మొదలు ప్రాజెక్టు పద్ధతి దాకా అన్నీ చదివారు. క్లాసులో అడిగితే పిల్లలు తలలు ఊపుతారు, మర్నాడు అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఏ పద్ధతి పట్టుకోవాలి, ఎక్కడ తప్పు జరుగుతోంది?

నేను 1996లో ఉద్యోగంలో చేరాను. మదనపల్లె చుట్టుపక్కల మండలాల్లో ప్రాథమిక బడులు తప్ప వేరే లోకం చూడలేదు. అందులో రెండు ఏకోపాధ్యాయ బడులు. కాబట్టి హైస్కూల్ పిల్లల సంగతి నన్ను అడగొద్దు, మీ 26 మంది గురించి మాత్రం చెప్పగలను.

ముందు ఆ పద్ధతుల జాబితాను కాసేపు పక్కన పెట్టండి. ఆగమన, నిగమన, అన్వేషణ, క్రీడా పద్ధతి, నాటకీకరణ... ఇవన్నీ టెట్‌లో బిట్లు పెట్టడానికి విడదీసి చూపించారు గానీ, నలభై నిమిషాల పీరియడ్‌లో మనం వీటిలో నాలుగైదు తెలియకుండానే కలిపేస్తాం. నాలుగు లెక్కలు చూపించి సూత్రం పిల్లలతో చెప్పిస్తే ఆగమనం, ఆ సూత్రంతో ఇంకో నాలుగు చేయిస్తే నిగమనం. ఇంతే. పేరు ఏదైనా నేను చూసేది రెండే: పీరియడ్‌లో ఎక్కువసేపు ఎవరి బుర్ర పనిచేసింది, ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో బెల్లు కొట్టే లోపు నాకు తెలిసిందా. మీ క్లాసులో చిక్కు ఈ రెండోదాని దగ్గరే ఉందని నా అనుమానం.

"అర్థమైందా?" అని అడగడం మానేయండి. 26 మంది "అయింది టీచర్" అంటారు. అర్థమైన నలుగురు అంటారు, వాళ్లను చూసి మిగతా 22 మంది అంటారు. ఆ ప్రశ్నకు మన దేశంలో "కాలేదు" అని జవాబిచ్చిన పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

దాని బదులు పలకలు తెప్పించండి. నిజంగానే చెబుతున్నా, నా సర్వీసులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన బోధనా సామగ్రి పలక. ప్రశ్న అడగండి, అందరూ రాయాలి, "చూపించండి" అనగానే అందరూ ఒకేసారి పైకెత్తాలి. 10 సెకన్లలో మొత్తం క్లాసు పరిస్థితి కళ్ల ముందుకు వస్తుంది. "మూడు వందల ఐదు రాయండి" అంటే మూడో తరగతిలో కనీసం ఐదారు పలకల మీద 3005 కనిపిస్తుంది. విన్నది విన్నట్టు రాశారు పాపం: మూడు వందలకు 300, పక్కన 5. ఒక్క పిల్లవాణ్ణి లేపి అడిగి ఉంటే, మొదటి బెంచీ అమ్మాయి 305 అని చెప్పేది, మీరు "వెరీ గుడ్" అని ముందుకు వెళ్లిపోయేవారు.

లేపి అడగాల్సి వస్తే ముందు ప్రశ్న, తర్వాత పేరు. "రమేశ్, ఏడు ఎనిమిదులు ఎంత?" అంటే మిగతా 25 మంది హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ప్రశ్న వేసి ఆగండి. ఈ ఆగడం గురించి 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతుల్లో టేపు రికార్డర్లు పెట్టి మరీ చూసింది. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, తర్వాత వాళ్లే జవాబు చెప్పేస్తున్నారు లేదా ఇంకొకరిని అడిగేస్తున్నారు. దాన్ని 3 సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. 3 సెకన్లు అంటే ఏముంది అనిపిస్తుంది, రేపు క్లాసులో నోరు మూసుకుని నిలబడి చూడండి, ఎంత ఇబ్బందిగా ఉంటుందో! నేను మనసులో "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్క పెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు తప్పుల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే టీచరు పనిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. 52లోంచి 38 తీసేయమంటే చాలామంది 26 అని రాస్తారు. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి "మళ్లీ చెయ్" అంటే మళ్లీ 26 వస్తుంది. ఒకసారి ఒక పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, "ఇక్కడ ఆరు ఎట్లా వచ్చింది నాయనా?" అని. "రెండులోంచి ఎనిమిది పోదు గదా సార్, అందుకే ఎనిమిదిలోంచి రెండు తీసేసినా." వాడి దగ్గర ఒక సూత్రం ఉంది: పెద్దదానిలోంచి చిన్నది తీసెయ్. మొదటి తరగతిలో మనమే నేర్పిన సూత్రం అది, అప్పట్లో అన్నిటికీ సరిపోయింది. వాడు అజాగ్రత్తగా చేయలేదు, చాలా శ్రద్ధగా తప్పు చేశాడు. ఇంకో 20 లెక్కలు హోంవర్క్ ఇచ్చి ఉంటే ఆ తప్పునే 20 సార్లు సాధన చేసేవాడు.

అప్పుడు చేసిన పని: చీపురు పుల్లలు విరిచి, పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు చేశాం. 52 అంటే 5 కట్టలు, 2 విడి పుల్లలు. "నాకు 38 ఇవ్వు." మూడు కట్టలు ఇచ్చాడు. విడివి ఎనిమిది కావాలి, రెండే ఉన్నాయి. కాసేపు అటూ ఇటూ చూసి, నేను చెప్పకుండానే ఒక కట్ట విప్పాడు. చేతిలో మిగిలింది ఒక కట్ట, నాలుగు పుల్లలు. మనం బోర్డు మీద "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని చెబుతాం చూశారా, ఆ మాటలో ఏమీ అర్థం కాదు. (ఒక అమ్మాయి నన్ను అడిగింది కూడా, "అప్పు ఎప్పుడు తిరిగి ఇస్తాం సార్?" అని. నా దగ్గర జవాబు లేదు.) కట్ట విప్పడం మాత్రం కంటికి కనిపిస్తుంది. రెండు మూడు రోజులు పుల్లలతో, తర్వాత పుల్లల బొమ్మలు గీసి, ఆ తర్వాతే అంకెలతో. తొందరపడి పుల్లలు లాగేసుకోకండి, అలాగని ఏడాది పొడుగునా పుల్లలే చేతిలో పెట్టకండి.

మీరు ఈ పాటికే చార్టులు రాయడం మొదలుపెట్టి ఉంటారు కాబట్టి నా తప్పు ఒకటి చెబుతాను. నేను చేరేనాటికి ఏపీపెప్ గాలి ఇంకా వీస్తోంది. బ్రిటిష్ సాయంతో 1980ల్లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం అది. దాని ఆరు సూత్రాలు ఇప్పుడు చదివినా తప్పు పట్టడానికి లేదు: చేస్తూ నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం, వ్యక్తిగత భేదాలను గుర్తించడం, పిల్లల పనిని గోడలకు ప్రదర్శించడం వగైరా. నేను ఉత్సాహంగా ఆకుల మీద ప్రాజెక్టు చేయించాను. రెండు రోజులు ఊరంతా తిరిగి ఆకులు తెచ్చారు, ఎండబెట్టారు, అంటించారు, రంగుల స్కెచ్‌లతో అంచులు దిద్దారు. చార్టు అద్భుతంగా వచ్చింది, చూసిన అధికారి మెచ్చుకున్నారు. వారం తర్వాత "చింతాకుకూ మామిడాకుకూ తేడా ఏమిటి?" అని అడిగితే "చింతాకు చిన్నది సార్" అన్నారు. ఒకే ఈనె మీద చిన్న చిన్న ఆకులు వరసగా ఉంటాయన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తప్పు వాళ్లది కాదు. రెండు రోజులూ వాళ్లు ఆలోచించింది గమ్ గురించి, కత్తెర ఎవరి దగ్గర ఉందన్నదాని గురించి. పిల్లలు దేని గురించి ఆలోచిస్తే అదే గుర్తుంటుంది. చేతులు పనిచేస్తే కృత్యం అయిపోదు. ఆ కృత్యంలోనే ఆకులు అంటించే ముందు "వీటిని రెండు కుప్పలు చేయండి, ఎందుకలా చేశారో చెప్పండి" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

అందుకే నేరుగా చెప్పడాన్ని పాపంలా చూడొద్దు. ఉపన్యాస పద్ధతి చెడ్డది, శిశుకేంద్రితం మంచిది అని గైడుల్లో ఉంటుంది. బొత్తిగా కొత్త విషయం, అందులోనూ లెక్క, పిల్లలే కనిపెట్టాలని వదిలేస్తే ఇద్దరు కనిపెడతారు, మిగతావాళ్లు ఆ ఇద్దరి పలకలు చూసి రాస్తారు. నేను చేసేది: మొదటి రెండు లెక్కలు నేను బోర్డు మీద చేస్తా, ప్రతి అడుగులో నా మనసులో ఏం నడుస్తోందో పైకి చెబుతూ. తర్వాత రెండు అందరం కలిసి, అడుగు తర్వాత అడుగు వాళ్లే చెప్పాలి, నేను రాస్తా. ఆ తర్వాత ఒకటి సగం చేసి ఇస్తా, మిగతా సగం పలక మీద వాళ్లు పూర్తి చేయాలి. చివర మొత్తం వాళ్లదే. చెప్పడం ఎప్పుడూ 7, 8 నిమిషాలు దాటనివ్వొద్దు. మదనపల్లె పిల్లలకు టమాటా బాక్సుల లెక్క చెబితే కళ్లు వెలుగుతాయి, మీ ఊరి పంట ఏదో మీకు తెలుసు.

ఇక "మర్నాడు మర్చిపోతున్నారు" అన్నారు. మర్చిపోవడం సహజం. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే అర్థం లేని అక్షరాల గుంపులు తనే బట్టీ పట్టి, ఎంత వేగంగా పోతున్నాయో లెక్క కట్టాడు. దీనికి మనం చేసే మందు ఏమిటి? మళ్లీ చెప్పడం, మళ్లీ చదివించడం. అది అంతగా పనిచేయదు. రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పేరాను మళ్లీ చదివారు, కొందరు చదవకుండా గుర్తున్నది కాగితం మీద రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తిరగబడింది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ మిగిలింది. అంటే గుర్తు తెచ్చుకోవడమే ఒక చదువు.

దీన్ని నేను ఇలా వాడాను. ప్రార్థన అయ్యి లోపలికి రాగానే, హాజరు వేసేలోపు బోర్డు మీద ఐదు ప్రశ్నలు. రెండు నిన్నటివి, రెండు పోయిన వారానివి, ఒకటి పోయిన నెలది. పుస్తకం తెరవకూడదు, పలక మీద రాయాలి. మార్కులు వేయను, రిజిస్టర్‌లో ఎక్కించను. మార్కులు వేశారంటే టెన్షన్ మొదలవుతుంది, కాపీ మొదలవుతుంది. మొదటి పది రోజులు ఘోరంగా ఉంటుంది, నెల ప్రశ్నకు ఒక్కరూ రాయరు. ఆపేయకండి. రెండో నెలకు వాళ్లే "సార్, ఈరోజు నెల ప్రశ్న నాకు తెలిసిపాయె" అంటారు.

ఎక్కాల మాట కూడా. వల్లె వేయించడం పాతకాలపు పద్ధతి అని కొత్తవాళ్లు సిగ్గుపడతారు. అక్కర్లేదు. ఏడు ఎనిమిదులు వేళ్ల మీద లెక్కపెట్టే పిల్లవాడు భాగహారం మధ్యలో దారి తప్పిపోతాడు, వాడి బుర్రలో జాగా అంతా ఆ కూడికే తినేస్తుంది. కాకపోతే గుంపుగా పాడే ఎక్కంలో సగం మంది పెదాలు కదిపేవాళ్లే. పాట అయ్యాక వరస తప్పించి అడగండి: ఏడు ఆరులు, ఏడు తొమ్మిదులు, ఏడు నాలుగులు. వరసలో తప్ప చెప్పలేని వాడికి పాట వచ్చింది గానీ ఎక్కం రాలేదు.

మూడు తరగతుల గొడవకు వద్దాం. మొదటి వారం పాఠం జోలికి వెళ్లకండి. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి 5 నిమిషాలు చదివించండి: అక్షరాలు, చిన్న పదాలు, ఒక చిన్న పేరా, ఒక కథ. లెక్కల్లో అంకెలు, రెండంకెల సంఖ్యలు, తీసివేత, భాగహారం. పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న వరస ఇదే, దానికి మించి అక్కర్లేదు. ఐదో తరగతిలో పేరా చదవలేని వాళ్లు ముగ్గురు, మూడో తరగతిలో కథ గడగడా చదివేవాళ్లు ఇద్దరు తేలితే ఆశ్చర్యపోకండి.

ఆ తర్వాత రోజులో ఒక గంట తరగతులు చెరిపేయండి. ఆ గంటలో మూడు, నాలుగు, ఐదు అని ఉండదు, అక్షరాల గుంపు, పదాల గుంపు, కథల గుంపు ఉంటాయి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని పెద్ద ఎత్తున చేసింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఈ పనిని చాలా ఏళ్లు పరీక్షించి చూశారు. అందులో టీచర్లం గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. బీహార్‌లో వేసవి శిబిరాల్లో ప్రభుత్వ టీచర్లే ఇలా నేర్పితే పిల్లలు ముందుకు వెళ్లారు. అక్కడే బడి నడిచే రోజుల్లో పెద్దగా ఏమీ జరగలేదు, ఎందుకంటే అందరూ సిలబస్ వెంట పరుగెత్తారు. తర్వాత హర్యానాలో రోజులో ఒక గంట దీనికే అని కేటాయిస్తే మళ్లీ ఫలితం వచ్చింది. అందుకే మధ్యలో సందు దొరికినప్పుడు చేద్దామనుకోకండి, టైంటేబుల్‌లో రాసి గోడకు అంటించండి. గుంపులకు "డల్" అని, "సీ గ్రేడ్" అని పేర్లు పెట్టకండి. నేను పక్షుల పేర్లు పెడితే వారంలోనే కనిపెట్టేశారు, "కాకులంటే చదువు రానోళ్లు" అని. తర్వాత కూర్చునే చోటు పేరు పెట్టాను: కిటికీ గుంపు, తలుపు గుంపు. రెండు వారాలకోసారి పిల్లలు గుంపు మారుతూ ఉంటే ఎవరూ పట్టించుకోరు.

అక్షరాల గుంపు మీ దగ్గరే ఉండాలి. 56 అక్షరాలూ వరసగా అ నుంచి మొదలుపెట్టి నెలల తరబడి దిద్దించకండి, ఋ ౠ ల దగ్గరే పిల్లలకు విసుగొస్తుంది. క, త, ప, ల, డ ఈ ఐదు నేర్పితే తల, కల, పలక, పడక, తడక, కడప వచ్చేస్తాయి. మొదటి వారంలోనే "నేను చదివా" అన్న ధీమా వస్తుంది. తర్వాత వాటికే దీర్ఘం, గుడి, కొమ్ము. పోలిక ఉన్న ప, వ, ష, స లను గానీ, డ, ద, ధ, థ లను గానీ ఒకే వారంలో పెట్టకండి. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. గుణింతం పాటలా అప్పజెప్పే పిల్లవాడు "కొ" విడిగా చూపిస్తే "క కా కి కీ" అని మొదటి నుంచి వేళ్లు పెట్టుకుంటూ వస్తాడు, ఇదీ ఎక్కాల జబ్బే.

మీరు ఒక గుంపుతో ఉంటే మిగతా రెండు గుంపులూ ఏం చేయాలి? దీనికి నేను చూసినంతలో మంచి ఏర్పాటు మా పక్కనే ఉన్న రిషీవ్యాలీ బడి వాళ్లది. చుట్టూ పల్లెల్లోని చిన్న బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు సిలబస్‌ను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి గోడ మీద నిచ్చెనలా వేశారు. పిల్లవాడు తానెక్కడున్నాడో నిచ్చెన మీద చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుంటాడు. కొన్ని కార్డులకు టీచరు కావాలి, కొన్నిటికి తోటిపిల్లలు చాలు, కొన్ని ఒంటరిగా చేసుకునేవి. కర్ణాటకలో నలి కలి, తమిళనాడులో కృత్యాధార బోధన దీన్నుంచే వచ్చాయి. మొత్తం నిచ్చెన మీరొక్కరే తయారు చేయలేరు, ప్రయత్నించకండి కూడా. అందులోంచి ఒక్కటి తీసుకోండి: మీరు లేకుండా సాగే పని ముందే సిద్ధంగా ఉండాలి. పాత నోటుపుస్తకాల అట్టలు కోసి ఆదివారం 30 కార్డులు రాసుకుంటే నెల గడుస్తుంది.

పెద్దపిల్లలతో చిన్నవాళ్లకు చెప్పించడం కూడా మనకు కొత్త కాదు. 1790ల్లో మద్రాసు ఎగ్మోరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ ఆయన, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో ఒక ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి చిన్నవాళ్లకు నేర్పడానికి పెట్టాడు. ఆ ఏర్పాటు "మద్రాసు పద్ధతి" పేరుతో ఇంగ్లండ్ బడులకు వెళ్లింది. ఇప్పుడు అదే మనకు శిక్షణల్లో ఇంగ్లీషు పేరుతో తిరిగొస్తోంది! ఒక్క జాగ్రత్త: రోజూ ఒకే అమ్మాయిని "చిన్న టీచర్" చేయకండి. ఆమె చదువు ఆగిపోతుంది, చేతిలో బెత్తం కూడా వచ్చేస్తుంది.

శిక్షణల్లో వినిపించే రెండు మాటలు మాత్రం నమ్మకండి. ఒకటి, చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుందనే పిరమిడ్ బొమ్మ. కింద ఎడ్గార్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త పేరు ఉంటుంది. ఆయన 1946లో గీసిన శంకువులో అసలు శాతాలే లేవు, ఎవరో తర్వాత అతికించారు. రెండోది, కొందరు కంటితో నేర్చుకునేవాళ్లు, కొందరు చెవితో, కాబట్టి ఎవరి శైలిలో వాళ్లకు చెప్పాలనేది. పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2008లో ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి, అలా విడదీసి చెబితే లాభం ఉందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ఆకారాలు చెప్పాలంటే అందరికీ బొమ్మ కావాలి, పద్యం చెప్పాలంటే అందరికీ చెవి కావాలి.

లెసన్ ప్లాన్ రికార్డు గురించి కూడా అడిగారు. రాయండి, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి కావాలి. దాంతో పాటు మీ కోసం ఒక చిన్న నోటుబుక్ పెట్టుకుని రోజుకు మూడు లైన్లు చాలు: ఈరోజు పలకల మీద కనిపించిన తప్పు ఏది, ఎవరెవరిది, రేపు దానికి ఏ ప్రశ్న. నా పాత నోటుబుక్కులు ఇప్పుడు తీసి చూస్తే 3005 ప్రతి ఏడాదీ జూలైలోనే కనిపిస్తుంది.

పలకలకు నిధులు లేవని హెచ్‌ఎం అంటే, తెల్లకాగితం పారదర్శక ఫైల్ కవర్లో పెట్టి ఇవ్వండి. వైట్‌బోర్డు మార్కర్‌తో రాసి పాత బట్టతో తుడిచేయొచ్చు. మార్కర్ల మూతలు మాత్రం మీరే లెక్కపెట్టుకోవాలి, సాయంత్రానికి సగం మాయమవుతాయి.